‘డైరెక్ట్ చేసేస్తా సార్’

గీజరులో నీళ్ళు వేడెక్కట్లేదని ఎవరితోనైనా అని చూడండి. మొదటి సలహా, కొత్తది కొనుక్కోమని. రెండోది, హైదరాబాదులో చలి ఎన్నాళ్ళు లెద్దూ, సంక్రాంతి దాకా ఓపిక పట్టమని. మూడోది మాత్రం ఎలక్ట్రీషియన్ నోట వస్తుంది, అదీ మహా ధీమాగా: "డైరెక్ట్ చేసేస్తా సార్, మళ్ళ ప్రాబ్లం రాదు." నా గొడవంతా ఈ మూడో సలహాతోనే.

డైరెక్ట్ చేయడమంటే తెలియనివాళ్ళు మనలో ఉండరేమో గానీ, చెప్పేస్తాను. మధ్యలో అడ్డుపడుతున్న భాగాన్ని పీకేసి, దానికటూ ఇటూ ఉన్న తీగల్ని కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేయడం. ఫ్యాను రెగ్యులేటరు చెడితే డైరెక్ట్. ఫ్రిజ్ స్టెబిలైజరు చెడితే డైరెక్ట్. ఫ్యాను విషయంలో పెద్దగా పోయేదేమీ లేదు, ఎప్పుడూ ఐదో నంబరు మీద తిరుగుతుంది, చలేస్తే దుప్పటి కప్పుకోవడమే. మన భాషలో చెప్పాలంటే ఎక్సెప్షన్ వస్తోందని ట్రై-కాచ్ పెట్టి, కాచ్ బ్లాకుని ఖాళీగా వదిలేయడం లాంటిది. స్క్రీను మీద ఎర్రక్షరాలు మాయమైపోతాయి. టికెట్టు క్లోజు.

మేముండేది రాయదుర్గంలో. (అనంతపురం జిల్లా మిత్రులు మన్నించాలి, మీది కాదు. దుర్గం చెరువు పక్కది, 2019 నవంబరులో మెట్రో వచ్చి ఆగినది.) అద్దె ఫ్లాటు, ఐదంతస్తుల పాత బిల్డింగు, ఓనరు గారు న్యూజెర్సీలో. బాత్‌రూములో పాతిక లీటర్ల గీజరు మాకంటే ముందే ఆ ఇంట్లో చేరింది. దీపావళి వెళ్ళాక నాన్న ఊరి నుంచి వచ్చారు. ఆయనకి డెబ్భై నాలుగు, చన్నీళ్ళు పడవు. ఓ సోమవారం తెల్లారి గీజరు స్విచ్చి వేస్తే లైటు వెలగలేదు, నీళ్ళు కాగలేదు. నేను స్టాండప్ కాల్ ముగించి వచ్చేసరికి ఆయన ఎక్కడి నుంచో పాత హీటింగు రాడ్డు సంపాదించి ప్లాస్టిక్ బకెట్‌లో వేలాడదీసి, దాని పక్కన స్టూలేసుకుని కాపలా కూర్చున్నారు. "మన ఊళ్ళో కాగు కింద నాలుగు కట్టెలు పెడితే ఇంటిల్లిపాదికీ సరిపోయేవిరా" అని దెప్పుడొకటి. కాగు సంగతేమో గానీ, నీళ్ళు వేడెక్కాయో లేదో అని వేలు పెట్టి చూసే అలవాటున్న మనిషి పక్కన కరెంటు రాడ్డు ఉండటం నాకు నచ్చలేదు. గీజరు పని ఆ రోజే తేలాలనుకున్నాను.

అన్నట్టు ఈ గీజరన్న మాట ఐస్‌లాండ్‌లో ఉన్న గీసిర్ అనే వేడినీటి బుగ్గ నుంచి వచ్చింది. ఉన్నట్టుండి ఆవిరి చిమ్ముతూ ఆకాశానికెగిసే బుగ్గ. 1868లో లండన్‌లో మాగన్ అనే ఆయన గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం చేసి దానికా పేరు పెట్టాడు. పొగ పోవడానికి గొట్టం లేదు దానికి, వాడినవాళ్ళ ప్రాణం మీదికొచ్చే సరుకు. పేరు మాత్రం మన స్నానాల గదిలో నూటయాభై ఏళ్ళుగా స్థిరపడిపోయింది.

యాప్‌లో బుక్ చేస్తే గంటలో కుర్రాడొచ్చాడు. చురుకైనవాడే. కింది మూత విప్పి, టెస్టరు పెట్టి చూసి పది నిమిషాల్లో తేల్చేశాడు: "కటౌట్ పడిపోయింది సార్. బటన్ నొక్కితే వస్తది, రెండ్రోజులకి మళ్ళ పడ్తది. డైరెక్ట్ చేసేస్తా." కటౌట్ ఎందుకు పడిందని అడిగాను. "పాతదైంది కద సార్" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. స్టోరేజి గీజరులో నీళ్ళ వేడిని కనిపెట్టుకుని ఉండేవి రెండు. మొదటిది థర్మోస్టాట్. మనం తిప్పి పెట్టిన వేడి రాగానే కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్ళీ ఇస్తుంది, రోజూ దాని పని అదే. రెండోది ఈ కటౌట్. మామూలు రోజుల్లో దానికి పనే లేదు. థర్మోస్టాట్ ఆపాల్సిన చోట ఆపక నీళ్ళు మరుగుకి దగ్గరపడితే అప్పుడు ఇది తెగుతుంది. తనంతట తాను మళ్ళీ కలవదు, మనిషి వచ్చి చిన్న బటన్ నొక్కాల్సిందే. అలా ఎందుకు పెట్టారు? మనిషి వచ్చి ఏమైందో చూస్తాడని. ఏమీ చూడకుండా బటన్ నొక్కి వెళ్ళిపోవడం రీస్టార్టు. కటౌట్‌నే పీకేయడం అలర్టుల్ని మ్యూట్ చేసి ఊరెళ్ళిపోవడం.

అంటే మా గీజరు వేడెక్కడం మానేసింది కాబట్టి చెడిందనుకోవడమే తప్పు ప్రశ్న. నాన్నని అడిగితే అసలు లాగు బయటపడింది. "నాలుగు రోజులుగా నీళ్ళు సలసలా వస్తున్నాయిరా, కుళాయి తిప్పితే బుసకొడుతోంది. మీకలాగే అలవాటేమో అనుకున్నా." అదీ సంగతి. ఏ మీటరూ ఇవ్వని సమాచారం ఇది. చెడేముందు అది ఏం చేసిందన్నది రోజూ వాడే మనిషికే తెలుస్తుంది, కాకపోతే అడగాలి.

కుర్రాణ్ణి డైరెక్ట్ చేయనివ్వలేదు. విజిటింగ్ చార్జీ తీసుకుని, కొత్త గీజరు మీద ఎంత డిస్కౌంటొస్తుందో చెప్పి వెళ్ళిపోయాడు. వాణ్ణి అనడానికేం లేదు, గంటకి ఒక ఇల్లు తెమిల్చితే గానీ అతనికి రేటింగు రాదు. మూలకారణం వెతికేవాడికి ఏ యాప్‌లోనూ బోనస్ లేదు. (మన దగ్గర మాత్రం ఉందా ఏమిటి?)

ఆ సాయంత్రం టెక్సాస్‌లో ఉన్న పాత టీమ్‌మేట్‌తో మాటల్లో ఇది చెబితే పగలబడి నవ్వాడు. అతను కొన్న ఇంటి పెరట్లో పాత యజమాని వదిలేసి పోయిన హాట్ టబ్ ఒకటుంది. మనవాళ్ళు దాన్ని వాడేది తక్కువ, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి చూపించేది ఎక్కువ. అది కూడా ఓ చలికాలం వేడెక్కనంది. షాపువాడు హీటరు మార్చాలన్నాడు, వందల డాలర్లు. మనవాడు ఫిల్టరు తీసి పక్కన పెట్టి నడిపి చూశాడు. వేడెక్కింది! ఫిల్టరు పూడుకుపోయి నీటి పారుదల తగ్గింది. పారని నీళ్ళ మధ్య హీటరు వెలిగితే మాడిపోతుంది కాబట్టి, పారుదలని కనిపెట్టే స్విచ్చి దాన్ని వెలగనివ్వలేదు. అక్కడా అంతే, హీటరు చెడలేదు, ఒద్దంది.

అతని కథ అక్కడితో అయిపోలేదు. కొన్నాళ్ళకి టబ్ బ్రేకరు పదేపదే పడిపోవడం మొదలైంది. అమెరికాలో ఇలాంటి వాటికి పెట్టే బ్రేకరు 5 మిల్లీయాంపుల దగ్గర కరెంటు దారి తప్పినా కట్టేస్తుంది. తెలిసినాయన ఒకాయన, తెలుగాయనే, "అది సెన్సిటివ్ ఎక్కువ బ్రదర్, మామూలు బ్రేకరు పెట్టెయ్" అన్నాట్ట. డైరెక్ట్ చేసే గుణం అట్లాంటిక్ దాటినా పోలేదన్నమాట. మనవాడు వినకుండా మనిషిని పిలిపిస్తే, హీటరు లోపలి ఎలిమెంటు చీలి నీళ్ళలోకి కరెంటు కారుతోందని తేలింది. వారాంతాల్లో పిల్లలు మునిగి ఆడే నీళ్ళు.

మర్నాడు పాత ఊరి వైపు ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపులో ఉండే పెద్దాయన్ని తీసుకొచ్చాను. వస్తూనే గీజరు వైపు చూడలేదు. చేతిలో హోల్డరుకి తగిలించిన బల్బు, రెండు తీగలు. గీజరు ప్లగ్గు పీకి, సాకెట్‌లో ఒక తీగ ఫేజులో, ఇంకోటి న్యూట్రల్‌లో పెట్టాడు. బల్బు వెలిగింది. రెండో తీగ తీసి పైనున్న పెద్ద రంధ్రంలో పెట్టాడు. వెలగలేదు. "ఎర్త్ ఏడుంది సార్?" అన్నాడు. సాకెట్ విప్పితే ఆకుపచ్చ తీగ గోడలోనే తెగి ఉంది. ఎప్పుడో టైల్స్ మార్చినప్పుడు తెగిందేమో, ఎవరికీ పట్టలేదు. ఎర్తు లేకపోయినా గీజరు చక్కగా పనిచేస్తుంది కదా, అదే దానితో చిక్కు.

తర్వాత గీజరు విప్పి నీళ్ళు వంపాడు. నీళ్ళతోపాటు గుడ్డు పెంకుల్లాంటి తెల్ల ముక్కలు బకెట్ సగం దాకా పడ్డాయి. ఎలిమెంటు చుట్టూ సున్నం వేలెడు మందం. "గరమైతలేదు అనుకుంటున్నరు మీరు. ఎక్కువ గరమై బందైంది సార్ ఇది" అన్నాడు. థర్మోస్టాట్ లోపలి పాయింట్లు అతుక్కుపోయి ఉన్నాయి. అంటే అది ఆపడం ఎప్పుడో మానేసింది. ఎలిమెంటుకీ దాని లోహపు తొడుగుకీ మధ్య మెగ్గరు పెట్టి చూపించాడు, ముల్లు ఉండాల్సిన చోట లేదు. తొడుగు ఎక్కడో చీలింది.

ఈ సున్నం కథ మన ఐటీ కారిడారులో అందరిదీ. వంటింట్లో ఆర్వో పెట్టుకుంటాం, గీజరుకి మాత్రం బోరు నీళ్ళే, వేసవిలో ట్యాంకరు నీళ్ళు, అవి మళ్ళీ ఇంకెవరి బోరువో. తాగేనీటికి మన ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చు. మా బోరు ఆ మొదటి హద్దు ఎప్పుడో దాటిందనడానికి బకెట్ల అంచున తెల్ల చారలు చాలు. పంచదార వేడినీళ్ళలో ఎక్కువ కరుగుతుందా, ఈ సున్నం సంగతి తలకిందులు. నీళ్ళు వేడెక్కేకొద్దీ బైకార్బనేట్ విడిపోయి కాల్షియం కార్బనేట్‌గా మారి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోటే పేరుకుంటుంది. అంటే సరిగ్గా ఎలిమెంటు మీద. దాని వేడి నీళ్ళకి అందక లోలోపలే కాగి తొడుగు చీలుతుంది. అదే సున్నం ట్యాంకులో ప్రెషరు వదిలే వాల్వులోనూ పట్టేస్తుంది. ఇప్పుడు మూడూ కలిపి చూడండి: ఆపడం మానేసిన థర్మోస్టాట్, పూడుకుపోయిన వాల్వు, డైరెక్ట్ చేసిన కటౌట్. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. ఐస్‌లాండ్ బుగ్గకి ఆకాశం ఉంది, మా బాత్‌రూముకి ఏడడుగుల ఫాల్స్ సీలింగు.

వేడెక్కని ప్రతి గీజరూ ఇంత కథ చెప్పదు లెండి. చాలా మోడళ్ళలో లైటు వెలుగుతూ కూడా నీళ్ళు చల్లగానే ఉంటే ఎలిమెంటు తెగిపోయిందని అర్థం, మార్చుకుంటే సరిపోతుంది. అసలు లైటే వెలగకపోతే సాకెట్, థర్మోస్టాట్, కటౌట్ వరసగా చూడాలి. వేడెక్కుతోంది గానీ ఆలస్యమవుతోందంటే లెక్క కట్టొచ్చు: పాతిక లీటర్లు 20 డిగ్రీల నుంచి 60కి రావాలంటే 2,000 వాట్ల ఎలిమెంటుకి దాదాపు 35 నిమిషాలు. మీ లైనులో ఓల్టేజి 230 నుంచి 180కి పడిపోతే అదే ఎలిమెంటు 1,225 వాట్లే ఇస్తుంది, 57 నిమిషాలు పడుతుంది. గీజరుది తప్పు కాదు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఓనరు గారికి ఫోను చేశాను, అక్కడ పొద్దున పదకొండు. మంచిమనిషే. "కొత్త గీజరు పెట్టించేయండి, ఫైవ్ స్టార్‌ది తీసుకోండి, బిల్లు పంపండి" అన్నారు వెంటనే. ఎర్తు తీగ లాగించాలి, బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించాలి అనగానే గొంతు మారింది. "గోడలు కొట్టాలా? పదిహేనేళ్ళుగా ఏం కాలేదు కదండీ. ఎంసీబీ ఉందిగా."

ఎంసీబీ ఉంది, నిజమే. అది 16 యాంపులది. గీజరు మామూలుగా లాగేదే దాదాపు తొమ్మిది యాంపులు. 2022 అక్టోబరులో ఇక్కడికి ఎంతో దూరం లేని లంగర్‌హౌజ్‌లో, ఖాదర్‌బాగ్‌లో, కొత్తగా పెళ్ళయిన జంట గీజరు కరెంటుకి బాత్‌రూములోనే చనిపోయారని పేపర్లలో చదివే ఉంటారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను చెప్పలేను గానీ, మా ఇంటి లెక్క చెప్పగలను. ఎలిమెంటు చీలితే ట్యాంకు లోహానికీ నీళ్ళకీ కరెంటు వస్తుంది. ఎర్తు తీగ లేకపోతే అది పోయే దారి లేక అక్కడే ఉంటుంది, షవర్ కింద ఎవరో ఒకరు వచ్చేదాకా. మనిషి గుండెని ఆపడానికి ఒక యాంపులో పదో వంతు చాలు. పదహారు దాటితే గానీ కదలని ఎంసీబీకి అది దోమ కుట్టినంత కూడా కాదు. పాతకాలపు ఇళ్ళలో ఇనప గొట్టాలుండేవి, అవే ఎంతో కొంత నేలకి దారిచ్చేవి. ఇప్పుడన్నీ ప్లాస్టిక్. తొడుగు చీలితే కొత్త ఫైవ్ స్టార్ గీజరైనా ఎర్తు లేని సాకెట్‌లో ఇంతే ప్రమాదం, కరెంటు బిల్లు తక్కువ, అంతే తేడా. ఇదంతా ఓనరు గారికి చెప్పాను. ఆయన "చూద్దాం" అన్నారు. తెలుగులో చూద్దాం అంటే ఏమిటో మీకు తెలుసు.

నేను ఆగలేదు. మర్నాడే ఎలిమెంటు, థర్మోస్టాట్, వాల్వు మార్పించి, కటౌట్‌ని దాని చోటులోనే ఉంచి, కేసింగు పట్టీలో ఎర్తు తీగ లాగించాను. గోడ కొట్టే పనే పడలేదు. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ కూడా. వెళ్ళే కరెంటుకీ తిరిగొచ్చే కరెంటుకీ 0.03 యాంపు తేడా వస్తే చాలు, ఎవరి ఒంట్లోంచి పోతోందో అడక్కుండా కట్టేస్తుంది. అద్దెలో తగ్గించుకునే విషయం ఇంకా తేలలేదు.

పెద్దాయన ఆఖర్న కిందికి దిగి బిల్డింగు ఎర్త్ పిట్ చూపించమన్నాడు. పార్కింగులో రెండు బైకుల కింద దొరికింది. మూత తీస్తే ఎండిపోయిన మట్టి. ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో వాచ్‌మనుకీ తెలియదు. రాయదుర్గం పేరులోనే దుర్గం, మనం కూర్చున్నదంతా రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. చూడ్డానికి అందమైన రాయి, కరెంటుకి మాత్రం మొండిగోడ. తడి మట్టి ఇచ్చినట్టు ఇది దారివ్వదు. ఎర్తు నిరోధం 50 ఓములుందనుకుందాం. 230ని 50తో భాగిస్తే నాలుగున్నర యాంపులు. అంటే ఎర్తు తీగ శుభ్రంగా ఉన్నా ఎంసీబీ పడదు, ట్యాంకు లైవ్‌గానే ఉంటుంది! మన ప్రాంతంలో ఎర్తు ఉంటే చాలదు, ఆర్‌సీసీబీ కూడా ఉండాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇదంతా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రాస్తే మొదట రెండు చేతులు జోడించిన బొమ్మలొచ్చాయి, తర్వాత లిఫ్టు మెయింటెనెన్సు గొడవొచ్చింది. అయినా ఆదివారం పెద్దాయన్ని పిలిస్తే కొందరు తమ ఇళ్ళు చూపించుకున్నారు. మా పైఅంతస్తు ఆయన రాలేదు. "మా బోర్డులో ఆర్‌సీసీబీ బిల్డరే పెట్టాడండీ, మాకేం భయం లేదు" అన్నారు. పెద్దాయన ఊరుకోక మెట్లెక్కి వెళ్ళి బోర్డు విప్పాడు. ఆర్‌సీసీబీ ఉంది. దాని పక్క నుంచి రెండు తీగలు కలిపి నల్ల టేపు చుట్టి ఉంది. వానాకాలంలో ఊరికే పడిపోతోందని ఎప్పుడో ఎవరో డైరెక్ట్ చేశారట.

టేపు విప్పి, తీగలు దాని చోట్లో బిగించి, మీట ఎత్తాడు. టక్కున పడింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు, మళ్ళీ పడింది. వాషింగ్ మెషీను పీకాడు, పడింది. పిల్లల బాత్‌రూములో గీజరు ప్లగ్గు పీకాక నిలబడింది.

ఆ ప్లగ్గు ప్రస్తుతం పీకేసే ఉంది. కొత్త ఎలిమెంటు గురువారం వస్తుందట, అందాకా వాళ్ళ పిల్లలిద్దరూ పొద్దున్నే కింద మా ఇంటికే స్నానానికి వస్తున్నారు.